ఒకటో గ్లాసులో పనసపండు

జూన్ 3, మంగళవారం

హోసూరు పక్కన ఈ మత్తిగిరిలో ఇల్లు కట్టుకున్న ఇన్నేళ్లకు మా వీధికి మంచి గాలి వచ్చింది. ఇదివరకు వాన పడితే చాలు, పశువుల ఫారం వాసన గోడ దూకి వచ్చి వంటింట్లో కూర్చునేది. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ గ్లాసును ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్లు. ఏడాది నుంచి ఆ వాసన లేదు. నిన్న అంత వాన కురిసినా లేదు. ఆవులను ఏ సబ్బుతో తోముతున్నారో గానీ, మంచి పని చేసినవాళ్లను మెచ్చుకోవడం చదువుకున్నవాళ్ల బాధ్యత. ఫారం ఆఫీసరుకు ఒక పోస్టుకార్డు రాసి డబ్బాలో వేసి వచ్చాను. అరవంలోనే రాశాను, ఒక్క తప్పు లేకుండా.

ఫారం బాగుపడింది గానీ బజారు చెడిపోయింది. ఇంగువలో మైదా కలుపుతున్నారు. కాఫీ పొడిలో ఏం కలుపుతున్నారో దేవుడికే తెలియాలి, చికోరీ అయినా కలిపితే సంతోషించేదాన్ని. మల్లెపూలు కాగితంతో చేసినట్టున్నాయి. అగరొత్తులు ఉత్త పొగ. పోయిన ఏడాది నాకు జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పటినుంచీ ఇదే వరస. నేను మంచంలో ఉన్న వారం రోజులు కనిపెట్టుకుని ఊళ్లో అంగళ్లవాళ్లందరూ ఒక్కటైనట్టున్నారు.

జూన్ 4

రసంలో ఇంగువ ఎక్కువైందని కోడలు ప్రేమ మళ్లీ అన్నది. ఎక్కువే వేశాను. వాడు కలిపిన మైదా పోను మిగిలింది చాలాలి కదా.

జూన్ 7, శనివారం

మనవరాలు ప్రతిభ మధ్యాహ్నం సంచిలో ఒక నల్ల సీసా పెట్టుకుని వచ్చింది. ఈ పిల్ల అత్తిబెలె దాటినాక గోపీనాథ్ అనే ఆయన పెట్టిన బీరు హోటల్లో బీరు కాస్తుంది. చుట్టాలకు మాత్రం వాళ్లమ్మ ప్రేమ 'ఫుడ్ ప్రాసెసింగ్' అని చెబుతుంది. అబద్ధం కాదు. ఆవిడ చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది, అంతే.

సీసాలో ఉన్నదాని పేరు బార్లీ వైన్. ద్రాక్షపండు ముఖం కూడా చూడలేదు, అయినా వైన్. మా పక్కవీధిలో డాక్టరు అని బోర్డు పెట్టుకున్న వడ్డీ వ్యాపారి లాగా. నిజానికి అది బీరే. మామూలు బీరుకు పోసే బార్లీ మాల్టుకు రెండింతలు పోసి, పాకంలా చిక్కగా దించి, పులియబెట్టి, నెలల తరబడి పడుకోబెడతారు. బలమూ రెండింతలే. ప్రతిభ అందులో రాగి మాల్టు కూడా కలిపింది. రాగులు మొలకెత్తించడం, నీడన ఆరబెట్టడం, వేయించడం నా దగ్గర నేర్చుకున్నదే. పసిపిల్లల జావకని నేను నేర్పితే దాన్ని ఇటు తీసుకెళ్లింది.

సంగతేమిటంటే గోపీనాథ్ సర్జాపురలో ఇంకో హోటల్ తెరుస్తున్నాడు. అక్కడి పెద్ద ట్యాంకులో మొదట కాచేది బార్లీ వైనే. ఎవరిది బాగుంటే వాళ్లదే కాస్తారు, వాళ్లే అక్కడ బీరుకు హెడ్డు. పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకటి మా ప్రతిభ, రెండు గోపీనాథ్ అక్క కొడుకు రక్షిత్. ఇరవై ఒకటో తేదీ శనివారం రుచి పరీక్ష. ఓడినవాళ్లు పాతచోటే ట్యాంకులు కడుక్కుంటూ ఉండాలి. ప్రేమ ఇంకో మెట్టు కిందికి దిగింది. ఓడితే ఆ పని మొత్తం మానేసి హోసూరులో బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరాలని మాట తీసుకుంది. ప్రతిభ సరేనన్నది. టీలో మునిగిన బిస్కెట్టు మాట్లాడితే అట్లాగే ఉంటుంది.

నాకు రెండు చెంచాలు పోసింది. ప్రేమ గుమ్మంలో నిలబడి చూస్తోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. తాగడం వేరు, శాంపిల్ చూడటం వేరు. కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు క్వాలిటీ కంట్రోల్ చేసినదాన్ని. తోతాపురి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెడితే చాలు, కాయ చెట్టున పండిందా, మందు పెట్టి పండించారా, లారీ ఎండలో నిలబడిపోయిందా, అన్నీ చెప్పేదాన్ని. నా ముఖం చూసి మేనేజర్లు లారీలను వెనక్కి తిప్పి పంపేవాళ్లు.

పద్ధతి ప్రకారమే చేశాను. మొదట మోచేతి మడతలో ముక్కు పెట్టి మన ఒంటి వాసన మనమే చూసుకోవాలి. అది పలక తుడిచినట్టు. అప్పుడు శాంపిల్ మీద ముక్కు పెట్టాలి. పెట్టాను. పలక బాగా తుడుచుకుపోయింది. శాంపిల్లో వాసన లేదు. అన్ని నెలలు పడుకోబెడితే ఏ వాసన మాత్రం కూర్చుని ఉంటుంది.

ప్రతిభ అడిగిన ప్రశ్నలు మాత్రం చిన్నపిల్లల పరీక్ష పేపరులా ఉన్నాయి. తీపి ఎంత ఉంది, చేదు నాలుక మీద తగిలిందా గొంతులో తగిలిందా, మింగినాక వేడి ఎంతసేపు నిలిచింది. వాసన గురించి ఒక్క ముక్క అడగలేదు. అది చదివిన బీరు కోర్సులో ఏం నేర్పించారో.

నాలుకకు తెలిసింది చెప్పాను. ముందు బెల్లం పాకం తీపి. వెనకాల చేదు. మింగాక రొమ్ములో చలికాలం కుంపటి. చివర నాలుక అంచులు పట్టుకున్నట్టు వగరు. రాగి పొట్టు వగరు. అది నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

"అది ఉంటాది అవ్వా, ఇది ఫిబ్రవరిలో కాచిన చిన్న ట్రయల్. పోటీకి పెట్టేది పోయిన జూన్‌లో కాచింది. అది ఇంకా మెత్తగా అయిపోయి ఉండాది" అన్నది.

కాచినవాళ్లు అట్లాగే అంటారు. రాగి రాగే.

జూన్ 8

మళ్లీ శాంపిల్. చెంచాతో కొలత సరిగ్గా రావడం లేదని చిన్న స్టీలు గ్లాసు వాడాను.

జూన్ 10, మంగళవారం

పొద్దున కరెంటు పోయింది, కాఫీ లేదు. ఈ కరెంటు పొయ్యి ప్రతిభ ఏప్రిల్‌లో కొనుక్కొచ్చి పెట్టింది. సిలిండరు తీసి వెనక వరండాలోకి నెట్టింది. ఎందుకే అంటే ఇప్పుడు అందరూ ఇదే వాడుతున్నారు అవ్వా అన్నది. అందరూ వాడుతున్నారని నేను ఇంతవరకూ ఒక్క పని చేయలేదు.

దానికి నెల ముందు పాలు పొంగి మంట ఆరిపోయిన సంగతిని ప్రేమ ఇంకా కథలా చెబుతోంది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, నన్ను చెయ్యి పట్టి బయటికి లాగి, ఆయాసపడుతూ అరుగు మీద కూలబడింది. గ్యాసు ఇల్లంతా నిండిందట. నేను ఆ పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నాకేమీ తెలియలేదు. తెలియలేదంటే ఏమీ కానట్టే కదా.

జూన్ 12, గురువారం

గోపీనాథ్ వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు, గడ్డం మాత్రం కొలత పెట్టి గీసినట్టు. హోసూరు శెట్ల పిల్లవాడే, వాళ్ల తాతది బెల్లం మండీ. గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు ముడిచి, జేబురుమాలు తీసి, మళ్లీ మర్యాద గుర్తొచ్చి లోపల పెట్టుకున్నాడు.

"ఫారం పక్కనే కదమ్మా ఇల్లు" అన్నాడు.

ఇప్పుడు వాసనేమీ రావడం లేదు, ఫారం బాగుపడింది అన్నాను. అవునమ్మా, నిజమే, అస్సలు లేదు అన్నాడు. పెద్దవాళ్లు ఏమంటే అది అనే బాపతు.

వచ్చిన పనేమిటంటే పరీక్షకు నేను జడ్జిగా కూర్చోవాలట. ఇరవై ఎనిమిదేళ్లు మామిడి గుజ్జు రుచి చూసిన అమ్మ, కృష్ణగిరి ముక్కు, ఈ మట్టి నాలుక. అట్లాగే అన్నాడు, ఈ మట్టి నాలుక అని. నాలుక మట్టిది అయితే కడుక్కుంటాను గానీ జడ్జిగా ఎందుకప్పా అన్నాను. నవ్వాడు. కొత్త హోటల్లో గోడంత ఫొటో పెడతాడట. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని నేను. కింద 'అవ్వ మెచ్చినది' అని రాస్తారట. మనవరాలు పోటీలో ఉంది కదా అంటే, గ్లాసుల మీద నంబర్లే ఉంటాయి, ఎవరిదేదో జడ్జీలకు తెలియదు అన్నాడు.

కుదరదనే చెప్పబోయాను. ఇంతలో ప్రతిభ లోపలి నుంచి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "అవ్వను వదిలిపెట్టండి సార్. పెద్దావిడ. ఆయమ్మను ఏంటికి దీంట్లోకి లాగేది" అన్నది.

వస్తున్నానని చెప్పాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అప్పుడే అడిగాను.

జూన్ 13

పెద్దావిడట.

జూన్ 15, ఆదివారం

సామల్పట్టి నుంచి వదిన ఆదిలక్ష్మమ్మ బుట్టెడు మల్గోవా మామిడిపళ్లు పంపించింది. ప్రేమ బుట్ట విప్పుతూనే ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది అత్తా అన్నది. ఒక కాయ తీసి తొడిమ దగ్గర ముక్కు పెట్టాను. మా ఫ్యాక్టరీలో అందరూ కాయ నొక్కి చూస్తారు, నేను తొడిమ దగ్గర చూసేదాన్ని. అక్కడ ఉంటుంది అసలు...

ఇంకో కాయ తీశాను. ఇంకొకటి.

ప్రేమ గుడికి వెళ్లాక వంటింటి డబ్బాలు వరసగా పెట్టి, కళ్లు మూసుకుని మూతలు తీశాను. జీలకర్ర. కాఫీ. కర్పూరం. స్నానాల గదిలో నుంచి ఫినాయిల్ సీసా కూడా తెచ్చాను. కళ్లు తెరిస్తే గానీ ఏది ఏదో తెలియలేదు.

జలుబు. ముక్కు కారడం లేదు, తుమ్ములు లేవు. అయినా జలుబే. ఒకరకం జలుబు.

మోచేతి మడత మళ్లీ చూసుకున్నాను. ఇన్నాళ్లూ పలక తుడుస్తున్నాననుకున్నాను. అక్కడ పలకే లేదు.

జూన్ 16

మల్గోవా కోశాను. తీపి ఉంది. అంతే ఉంది.

జూన్ 18, బుధవారం

స్థిమితంగా ఆలోచించాను. గోపీనాథ్‌కు రానని చెప్పొచ్చు. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే ప్రేమకు తెలుస్తుంది, ప్రేమకు తెలిస్తే సామల్పట్టి దాకా తెలుస్తుంది. కృష్ణగిరి ముక్కు అన్నవాళ్ల ముందు తల ఎత్తుకోవడం ఎట్లా. మొదట ఇదే అనుకున్నాను, రాసి పెట్టడానికి సిగ్గు లేదు, ఇది నా డైరీ.

తర్వాత ఇంకొకటి తట్టింది. ముక్కు పోతే పోయింది, నాలుక ఉంది. రాగి వగరు నాలుక అంచులకు తెలుస్తుంది. వగరు ఉన్నది మా పిల్లది. వగరు లేనిది ఆ రక్షిత్‌ది. వాసనతో పనేముంది. వగరున్న గ్లాసు పట్టుకుని నాలుగు మంచి మాటలు చెబితే ప్రతిభ సర్జాపురకు పోతుంది, బిస్కెట్లకు పోదు.

ఇది మోసం కాదు. ఏ గ్లాసు ఎవరిదో జడ్జికి చెప్పకూడదని నియమం. నాకెవరూ చెప్పలేదు. నాలుక చెబితే నేనేం చేయను.

జూన్ 20

రేపు. పట్టుచీర మరీ ఎక్కువ అన్నది ప్రేమ. అదే కట్టుకుంటాను.

జూన్ 21

ఈరోజు రాయను.

జూన్ 22, ఆదివారం

నిన్నటిది.

గోపీనాథ్ కారు పంపాడు. చెక్‌పోస్టు దగ్గర ప్రతిభ నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడైనా బాగాలేదని చెప్పేస్తే కారు తిప్పుకుని పోదాం అన్నది. నాకు బాగానే ఉంది, నీకు భయమా అన్నాను. చెయ్యి తీసేసింది.

హోటలుకు పోగానే ఫొటో. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకోమన్నారు. కళ్లు మూసుకుంటే నిద్రపోయిందనుకుంటారప్పా అన్నాను. అది కూడా బాగుంటుంది అమ్మా, సహజంగా ఉంటుంది అన్నాడు గోపీనాథ్.

నాతో పాటు జడ్జీలు ఇద్దరు. ఒకాయన కొడగు మనిషి మాదప్ప. కార్డు మీద మాత్రం మ్యాడీ. విదేశంలో పరీక్ష రాసి బీరుకు జడ్జి అయ్యాడట. రెండో ఆమె సౌందర్య. తాగుతూ ఫోనులో వీడియోలు పెడుతుంది, లక్షమంది చూస్తారట. మా కాలంలో తాగేవాళ్లను చూడటానికి ఫోను అక్కర్లేదు, వీధి మలుపులో నిలబడితే చాలు.

ముందు నాలుక తడుపుకోవడానికని ఇంకేదో బీరు ఇచ్చారు. మాదప్ప కళ్లు అరమోడ్చి మొదలుపెట్టాడు. పాత తోలు, ఎండు అంజూరం, తాతగారి చుట్టల పెట్టె, వానకు తడిసిన లైబ్రరీ. లైబ్రరీ తాళంచెవి మరిచిపోయారు అన్నాను. కాగితం మీద రాసుకున్నాడు.

అసలు గ్లాసులు వచ్చాయి. ఒకటి, రెండు. చల్లగా చెమటలు కారుతూ ఉన్నాయి. ఇంత చల్లగా ఇస్తే తప్పులన్నీ దాక్కుంటాయి, బల్ల మీద పెట్టి చలి వదలనివ్వండి అన్నాను. ఆ ఒక్కటీ నిన్న నేను మాట్లాడిన నిజమైన మాట. తర్వాత మోచేతి మడతలో ముక్కు పెట్టాను. చూడు, ఇద్దరూ టక్కున మోచేతులు మడిచి ముక్కులు దూర్చారు. గోపీనాథ్ కూడా. అతను జడ్జి కూడా కాదు.

రెండు గ్లాసులూ ఒకే రంగు, చింతపండు పులుసు దీపం ముందు పెట్టినట్టు ఎర్రటి నలుపు. తిప్పితే గాజుకు పట్టుకుని నెమ్మదిగా జారాయి. ఒకటో గ్లాసు నోట్లో పోసుకున్నాను. తీపి, చేదు, గొంతులో మంట. కొంచెం ఎక్కువ మంటే. చివర నాలుక అంచులను గట్టిగా పట్టుకున్నది. వగరు. మా రాగి. రెండోది మెత్తగా జారిపోయింది. తీపి మీద తీపి, అడుగున కాస్త చేదు, రొమ్ములో వెచ్చన. వగరు లేదు. పని అయిపోయింది.

పెద్దవాళ్లు ముందు చెప్పాలి అన్నాడు గోపీనాథ్. చెప్పాను. ఒకటో గ్లాసు అద్భుతం. ముక్కు దగ్గర పెట్టగానే పండిన పనస తొన. దాని వెనక పాత తేనె. రెండోదాంట్లో ఏమీ లేదు, చక్కెర పానకం.

నేను చెప్పేటప్పుడు మాదప్ప ముఖం చూశాను. ఒకటో గ్లాసు వాసన చూసినప్పటి నుంచి ఆయన ముక్కు ఒక పక్కకు లాగి ఉంది. జడ్జి బిగువు అనుకున్నాను. నా మాట పూర్తి కాగానే ఆ ముక్కు సర్దుకుంది.

"పనస. కరెక్ట్ అమ్మా. నేను అదే చెప్పబోయినాను" అన్నాడు.

సౌందర్య తేనె అన్నది. మామూలు తేనె కాదట, అడవి తేనెట. మూడు చేతులూ ఒకటికే లేచాయి.

గోపీనాథ్ గ్లాసు కింద చీటీ తీసి చదివాడు. రక్షిత్.

చప్పట్లు కొట్టింది గోపీనాథ్ ఒక్కడే. రక్షిత్ కొట్టలేదు. ఆ పిల్లవాడు గెలిచినవాడిలా లేడు. చెయ్యి కడుక్కునే చోట అద్దంలో తనను తాను చూసి ఉలిక్కిపడ్డవాడిలా ఉన్నాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"అజ్జీ, దాంట్లో నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన రాలేదా? పులిసేటప్పుడు కూలింగ్ చెడిపోయి వేడెక్కిపోయినాది. దానికి వయసు కూడా చాలలేదు, రాగి వగరు ఇంకా పోలేదు. ఓడిపోతానని తెలిసే వచ్చినాను నేను."

ఇతనూ రాగి వేశాడు. అడగాలని నాకు తోచనే లేదు. రాగి మా ఇంటిది ఒక్కటే అనుకున్నాను, ఈ హోసూరులో.

ప్రతిభ ట్యాంకు పక్కన నిలబడి ఉంది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. మెట్టు చూసుకోకుండా పడిపోయిన చిన్నపిల్లను చూసినట్టు చూస్తోంది. దాని ఏడాది కష్టాన్ని చక్కెర పానకం అన్నాను. అందరి ముందూ అన్నాను.

లేచి నిలబడ్డాను. "రాలేదప్పా" అన్నాను. "నాకు ఏ వాసనా రాదు. పోయిన ఏడాది జ్వరం వచ్చినాక ముక్కు పోయింది. చెప్పుకోలేక వచ్చినాను." ఆ తర్వాత ఆ ఇద్దరి వైపు తిరిగాను. "నాకు ముక్కు లేదు, పనసపండు అన్నాను. మీకు ముక్కులు ఉండాయి కదా. మీకు యాడ కనిపించింది పనసపండు?"

మాదప్ప కలం మూత తీసి మళ్లీ పెట్టాడు. సౌందర్య ఫోను బోర్లా తిప్పింది. లక్షమందీ ఎటు పోయారో.

గోపీనాథ్ ఒక్కడే చెక్కుచెదరలేదు. నా పక్కకు వచ్చి చెవిలో చెప్పినట్టుగా అన్నాడు, "పోనీలేమ్మా, ముక్కు సంగతి ఈ గోడ దాటదు. ఫొటో చానా బాగా వచ్చింది."

అప్పుడు వచ్చింది నాకు కోపం. అతని మీద కాదు. మా ఫ్యాక్టరీలో శాంపిల్ చూసేవాళ్లను వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టేదాన్ని నేనే. ఒకరి ముఖం ఒకరికి కనపడకూడదు, ఒకరి మాట ఒకరు వినకూడదు, పెద్ద జీతం ఉన్నవాళ్లు చివర నోరు విప్పాలి. ఆ నియమం పెట్టినదాన్నే ముందు నోరు విప్పాను.

రెండు కుర్చీలు వీపుకు వీపు ఆనేట్టు వేయించాను. వాళ్లిద్దరినీ కూర్చోమన్నాను. ఇంకోసారి గ్లాసులు, నంబర్లు మార్చి. పోసింది రక్షిత్. చీటీల మీద రాయాలి, మాట్లాడకూడదు. ఇంత వయసులో చంటిపిల్లల్లాగా మమ్మల్ని అంటూ మాదప్ప ఏదో అనబోయాడు. తాళంచెవి దొరికిందా సార్ అన్నాను. కూర్చున్నాడు.

చీటీలు ప్రతిభే చదివింది. రెండింటిలోనూ ఒకే గ్లాసు గెలిచింది, అది మా పిల్లదే. ఓడిన గ్లాసు గురించి ఒకరు పెయింటు డబ్బా అని రాశారు, ఇంకొకరు బ్యూటీ పార్లరు అని. గెలిచినదాని గురించి ఇద్దరూ పెద్దగా ఏమీ రాయలేదు. మాదప్ప 'ఇంకొంచెం కావాలి' అని రాశాడు. ఆయన రాసిన వాటిలో నాకు అర్థమైంది అదొక్కటే.

మాట తప్పడానికి గోపీనాథ్‌కు సందు దొరకలేదు. రక్షితే ముందు వెళ్లి ప్రతిభకు చెయ్యి ఇచ్చాడు. అయినా ఫొటో మాత్రం కావాలమ్మా అన్నాడు గోపీనాథ్. సరేనన్నాను. వెనక్కి తిరిగి కూర్చున్నాను. వీపు తీసుకోప్పా, మా ఫ్యాక్టరీ పద్ధతి అని కింద రాసుకో. తీశారు. ఆర్టిస్టిక్‌గా వచ్చిందట.

జూన్ 25, బుధవారం

నిన్న ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ప్రతిభ. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట చెప్పడానికి అన్నేళ్ల చదువు. లవంగాలు, నిమ్మ తొక్క, గులాబీ, నీలగిరి తైలం రోజూ పొద్దునా సాయంత్రం మూతలు తీసి చూడమన్నాడు. చూస్తున్నాను. ఇప్పటివరకూ అవి ఉత్త నాలుగు డబ్బాలే.

ఇంటికి వచ్చాక అడిగాను, ఎప్పటినుంచి తెలుసు నీకు అని.

"గ్యాసు వదిలిన నాటినుంచి" అన్నది. "నువ్వే చెప్తావని చూస్తా ఉండినాను."

అంటే కరెంటు పొయ్యి. అంటే తీపి ఎంత, చేదు యాడ అన్న ప్రశ్నలు. నాకు రాని ప్రశ్న ఒక్కటీ అడగకుండా నా చేత పరీక్ష రాయించింది. మరి నేను పడబోతుంటే ఎందుకు ఊరుకున్నావే అన్నాను. ఊరుకోలేదు, రెండుసార్లు ఆపినాను, నువ్వు చీర ఏది అని అడిగినావు అన్నది. కాఫీ పెట్టమన్నాను.

కాఫీ పెట్టలేదు. పోటీలో గెలిచినదాన్ని స్టీలు గ్లాసులో పోసి తెచ్చింది. ఇంకొంచెం కావాలి అన్న బాపతు నేను కాదని ముందే చెప్పాను. నువ్వు వాసన చెప్పు, నేను రుచి చెబుతాను అన్నాను. తోలూ చుట్టల పెట్టెలూ వద్దు, నాకు తెలిసినవి చెప్పు.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. "ముందు, రాగులు వేయించేటప్పుడు మొదటి గింజ చిట్లుతాది చూడు, ఆ వాసన" అన్నది. "ఆనక నీ బీరువాలో కింది అరలో పట్టుచీర మడత విప్పినట్టు. అన్నిటికీ వెనక మీ ఫ్యాక్టరీ గేటు అవ్వా. జూన్ నెలలో. నన్ను బస్సులో పిల్చుకుని పోయినావే చిన్నప్పుడు, లారీలన్నీ వరసగా నిలబడుకుని ఉండినాయి, ఆ గేటు."

గ్లాసు తీసుకుని నోట్లో పోసుకున్నాను. కాసేపు మింగలేదు. తర్వాత చెప్పాను. తీపి ఒక పిసరు ఎక్కువ. మంట బాగా అణిగింది. వగరు పూర్తిగా చంపేశావు, కొంచెం ఉంచి ఉంటే మీ అవ్వ నిన్ను పోల్చుకునేది. పెద్ద ట్యాంకులో వేసేటప్పుడు రాగి వంతు కాస్త పెంచు.

వాదించింది. నేనూ వాదించాను. ప్రేమ వచ్చి ఇద్దరినీ చూసి, ఫుడ్ ప్రాసెసింగ్ అయిందా అని లోపలికి పోయింది. మొదటిసారి గొంతు తగ్గించకుండా అన్నది.

బయట వాన మొదలైంది. ఫారం వైపు కిటికీ తెరిచి ఉంది. వాసన వస్తోందా అని ప్రతిభను అడిగాను.

"గోడ దూకి వచ్చి వంటింట్లో కూర్చున్నాది" అన్నది.

ఆ పోస్టుకార్డు ఈపాటికి చేరి ఉంటుంది. ఎంత వెటకారపు మనిషి అనుకుని ఉంటాడో ఆ ఆఫీసరు. నా జన్మలో వెటకారం లేకుండా రాసింది అదొక్కటే.